బ్యాంకు రోల్స్‌లో మేలైన కొత్త నాణేలను ఎలా వెతకాలి?

అమెరికాలో బ్యాంకు కౌంటర్ దగ్గర 10 డాలర్లు ఇచ్చి పావు డాలరు నాణేలు అడిగితే, కాగితంలో బిగించి చుట్టిన 40 నాణేల రోల్ ఒకటి ఇస్తారు. అదృష్టం బాగుంటే అందులో ఉన్నవన్నీ ఆ ఏడాది టంకశాల నుంచి వచ్చిన కొత్త నాణేలే అవుతాయి. ఇంటికి తెచ్చి బల్ల మీద పరిస్తే అన్నీ తళతళలాడుతూ ఒకేలా కనిపిస్తాయి. నిజానికి ఒకేలా ఉండవు. ఒకదానిలో వాషింగ్టన్ చెంపకు నొక్కు పడి ఉంటుంది, ఇంకొకదాని మీద అచ్చు సరిగా దిగి ఉండదు, మరొకదాని అంచు దగ్గర గీత మెరుస్తుంది. దాచుకోదగినవి ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. ఆ ఒకటి రెండింటిని పట్టుకోవడం కంటికి ఇచ్చే శిక్షణ. దీనికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు, వద్దనుకున్న నాణెం ఎప్పటికీ పావు డాలరే.

కొత్త నాణేనికి దెబ్బలు ఎక్కడివని అడగవచ్చు. అచ్చు పడిన క్షణం నుంచే అవి మొదలవుతాయి. నాణేలు ఒకదాని మీద ఒకటి తొట్టెలో పడతాయి. పెద్ద పెద్ద సంచుల్లో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులకు, నగదు రవాణా సంస్థల గిడ్డంగులకు చేరతాయి. అక్కడ యంత్రాలు వాటిని లెక్కించి రోల్స్‌గా చుడతాయి. బ్యాంకులో మనకు దొరికే రోల్ టంకశాలలో చుట్టినది కాదు. టంకశాల సేకర్తల కోసం విడిగా అమ్మే రోల్స్ ఉన్నాయి కానీ, వాటికి ముఖ విలువ కంటే ఎక్కువ చెల్లించాలి.

1. అదను చూసుకోండి

2022 జనవరిలో రచయిత్రి మాయా ఏంజెలో బొమ్మతో మొదలైన అమెరికన్ మహిళల పావు డాలర్ల వరుసలో ఏడాదికి 5 చొప్పున 2025 వరకు 20 నమూనాలు వచ్చాయి. 2026 అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లు నిండే సంవత్సరం కాబట్టి ఆ ఏడాది నాణేల మీద 1776, 2026 రెండూ ఉంటాయి. ఇలా కొత్త నమూనా విడుదలైనప్పుడల్లా మొదటి కొన్ని వారాలు వెతకడానికి మంచి కాలం. అయితే ముందుగా వచ్చినవన్నీ కొత్త అచ్చు నుంచి వచ్చినవేనని పొరబడవద్దు. అచ్చులు అరిగినప్పుడల్లా మారుస్తూనే ఉంటారు, ఆలస్యంగా వచ్చిన నాణెం కూడా పదునుగా ఉండవచ్చు. త్వరపడడం వల్ల కలిగే లాభం వేరు. అవి ఇంకా దుకాణాల గల్లాల్లో తిరగలేదు, పాత నాణేలతో కలిసి మాసిపోలేదు.

2. బ్యాంకులో మర్యాదగా, స్పష్టంగా అడగండి

ఖాతా ఉన్న బ్యాంకుకే వెళ్లండి. యంత్రంతో చుట్టిన రోల్స్ కావాలని చెప్పండి. ఖాతాదారులు ఇంట్లో చుట్టి తెచ్చిన రోల్స్‌లో పాత నాణేలే ఎక్కువ. పాత నాణేలు వెతికేవారికి అవి బంగారం, మన పనికి మాత్రం సరిపోవు. రోల్ రెండు కొసల్లో కనిపించే నాణేలు కొత్తగా మెరుస్తుంటే లోపలివీ కొత్తవి కావచ్చు. పూర్తి పెట్టె కావాలంటే 50 రోల్స్, అంటే 500 డాలర్లు. ముందుగా చెబితే తెప్పించే శాఖలున్నాయి, దానికి రుసుము తీసుకునేవీ ఉన్నాయి. మొదటిసారి రెండు మూడు రోల్స్ చాలు. రద్దీ లేని వేళ వెళ్లి, ఏ పని కోసం అడుగుతున్నారో టెల్లర్‌కు చెప్పండి. మన ఆసక్తి తెలిసినవారు కొత్త పెట్టె వచ్చినప్పుడు గుర్తుపెట్టుకుని చెబుతారు.

3. రోల్‌ను నెమ్మదిగా విప్పండి

దుకాణదారులు రోల్‌ను బల్ల అంచుకు కొట్టి పగలగొట్టడం చూసే ఉంటారు. మీరు ఆ పని చేయవద్దు. మెత్తటి తువ్వాలు పరిచి, కాగితాన్ని పొడవునా చించి, నాణేలను దాని మీదికి జారనివ్వండి. చేతులు కడుక్కుని, బాగా ఆరనిచ్చి, నాణేన్ని అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తండి. బొమ్మ మీద పడిన వేలిముద్ర కొన్ని నెలల్లో గోధుమరంగు మరకగా మారుతుంది, ఇక పోదు. కొసల్లోని రెండు నాణేలను ముందే పక్కన పెట్టేయవచ్చు. కాగితాన్ని మడిచే యంత్రం వాటి మీద తరచుగా గుండ్రటి గీత మిగులుస్తుంది.

4. చూడండి, మళ్లీ చూడండి

గదిలో మిగతా దీపాలు ఆర్పి, ఒక్క టేబుల్ దీపం కింద కూర్చోండి. అన్ని వైపుల నుంచి వచ్చే వెలుతురులో గీతలు దాక్కుంటాయి. భూతద్దం 5 రెట్లు పెద్దది చేసి చూపేదైతే చాలు, కానీ మొదటి చూపు మాత్రం ఉత్త కంటితోనే. దూరం నుంచే కంటికి గుచ్చుకునే దెబ్బ ఉన్న నాణేనికి భూతద్దం అక్కర్లేదు.

దెబ్బ ఎంత పెద్దదన్నదానికంటే ఎక్కడ పడిందన్నది ముఖ్యం. జుట్టు ముడతల్లో పడిన చిన్న నొక్కు కలిసిపోతుంది. నున్నటి చెంప మీద, బొమ్మ ముందున్న ఖాళీ స్థలంలో పడిన అంతే నొక్కు నాణెం అందాన్ని చెడగొడుతుంది. 2022 నుంచి 2025 వరకు పావు డాలర్ల మీద వాడిన, శిల్పి లారా గార్డిన్ ఫ్రేజర్ చెక్కిన వాషింగ్టన్ ముఖం కుడివైపు చూస్తుంది. ముందుగా ఆ చెంప, దవడ చూడండి. తర్వాత తిప్పి బొరుసు చూడండి. బొమ్మ బాగుందని సంబరపడి బొరుసును మరిచిపోవడం కొత్తవారందరికీ జరిగేదే.

దెబ్బలు లేని వాటిలో అచ్చు ఎంత బాగా దిగిందో చూడాలి. దీన్ని నేర్చుకోవడానికి 5 సెంట్ల నాణెం, అంటే నికెల్, అన్నిటికంటే మంచి గురువు. 2 డాలర్ల రోల్‌లో 40 ఉంటాయి. బొరుసు మీద మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో, దాని ముందు సన్నటి మెట్లు. అచ్చు గట్టిగా దిగినప్పుడు 5 గానీ 6 గానీ మెట్లు విడివిడిగా లెక్కపెట్టగలుగుతాం. చాలా నాణేల మీద అవి మధ్యలో అతుక్కుపోయి ఉంటాయి. తెగకుండా సాగిన మెట్లను సేకర్తలు ప్రత్యేకంగా కోరుకుంటారు. ఒక సాయంత్రం మెట్లు లెక్కపెడితే, ఆ తర్వాత ఏ నాణెం మీదైనా అచ్చు బలహీనంగా పడిన చోటు ఇట్టే తెలుస్తుంది.

చివరగా నిగారింపు. నాణేన్ని దీపం కింద కొంచెం వంచి మెల్లగా తిప్పండి. వెలుగు బండి చక్రపు ఆకుల్లా తిరుగుతూ, ఎక్కడా తెగకుండా సాగాలి. అరిగిన అచ్చు నుంచి వచ్చిన నాణెం కొత్తదైనా, దాని ఉపరితలం బత్తాయి తొక్కలా గరుకుగా ఉంటుంది. అలాంటిదాన్ని నేనైతే ఉంచుకోను, దెబ్బ ఒక్కటీ లేకపోయినా సరే.

5. ముద్రనూ తేడాలనూ గమనించండి

నాణెం ఏ టంకశాలలో తయారైందో చెప్పే చిన్న అక్షరం బొమ్మవైపు ఉంటుంది. పీ అంటే ఫిలడెల్ఫియా, డీ అంటే డెన్వర్. మన హైదరాబాద్ టంకశాల నాణేల మీద తేదీ కింద ఉండే నక్షత్రం లాంటిదే ఇదీ. సాధారణంగా తూర్పు రాష్ట్రాల్లో పీ, పశ్చిమాన డీ ఎక్కువగా దొరుకుతాయి. న్యూజెర్సీలో ఉన్నవారికి కాలిఫోర్నియాలో బంధువులో స్నేహితులో ఉంటే చెరొకటి మార్చుకోవచ్చు. 2019, 2020 తేదీల పావు డాలర్ల మీద డబ్ల్యూ కనిపిస్తే వదలకండి. వెస్ట్ పాయింట్ టంకశాల ఆ రెండేళ్లలో ఒక్కో నమూనాకు 20 లక్షల చొప్పున మాత్రమే ముద్రించింది, వాటిని మామూలు నాణేల్లో కలిపి వదిలారు.

అచ్చు పొరపాట్లు కూడా ఇలాగే బయటపడ్డాయి. 2004లో డెన్వర్‌లో ముద్రించిన విస్కాన్సిన్ రాష్ట్రపు పావు డాలరు మీద మొక్కజొన్న కంకి పక్కన అదనపు ఆకు ఉన్నవి అరిజోనాలోని టూసాన్ ప్రాంతంలో దొరికాయి. 2007లో వాషింగ్టన్ బొమ్మ ఉన్న డాలరు నాణేలు కొన్ని అంచు మీద ఉండాల్సిన అక్షరాలు లేకుండానే బయటికొచ్చాయి. అందుకే ప్రతి నాణెం అంచును కూడా ఒకసారి తిప్పి చూడండి.

6. దాచడం

తుడవవద్దు, కడగవద్దు. నా మొదటి మంచి నాణేన్ని చొక్కా అంచుతో ఒక్కసారి తుడిచాను, సన్నటి గీతలు పడి మెరుపు శాశ్వతంగా పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పీవీసీ కలిసిన మెత్తటి ప్లాస్టిక్ సంచులు వద్దు, కాలం గడిచేకొద్దీ ఆకుపచ్చ జిగురు వదులుతాయి. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర కిటికీగా ఉన్న అట్ట చట్రాలు వాడండి. పిన్నులు కొట్టాక పైకి పొడుచుకొచ్చిన కొసలను అణచండి, లేకపోతే పక్క నాణేన్ని గీకుతాయి. చట్రం మీద తేదీ, ఊరు, ఎన్ని రోల్స్‌లో వెతికితే దొరికిందో పెన్సిల్‌తో రాయండి.

నాణ్యతను 70 పాయింట్ల కొలమానంలో నిర్ధారించే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలకు పంపాలనిపిస్తుంది. వాటి రుసుము నాణెం ముఖ విలువకు ఎన్నో రెట్లు. ముందు ఏడాదిపాటు మీ నాణేలను ఒకదానితో ఒకటి పోల్చి చూడండి, కొత్తది మెరుగ్గా ఉంటే పాతదాన్ని తీసేయండి. వాటన్నిటినీ దాటి నిలిచినదాన్నే పంపండి.

7. మిగిలినవి

ఎంపిక కాని నాణేలను రోల్స్ తెచ్చిన శాఖలోనే తిరిగి ఇవ్వకండి. వాళ్లకు పని పెరుగుతుంది, మీకు మళ్లీ అవే నాణేలు రావచ్చు. నాణేలు లెక్కించే యంత్రం ఉన్న మరో బ్యాంకులో జమ చేయండి, లేదా రోజువారీ ఖర్చులకు వాడేయండి.