పెళ్లయ్యాక డిగ్రీలో చేరిన అమ్మలకు స్కాలర్‌షిప్: ఆదాయ ధ్రువపత్రం ఎవరి పేరున తీయించాలి?

పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్తూనే ఓపెన్ స్కూల్లో ఇంటర్ పాసైంది ఒక చెల్లెమ్మ. కూతురు ఆరో తరగతిలో చేరిన ఏడాదే తాను డిగ్రీలో చేరింది. స్కాలర్‌షిప్ దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి ఒకాయన నేను చేయిస్తానని పదిహేను వందలు తీసుకుని మళ్లీ అదే కాగితం అప్‌లోడ్ చేశాడు. అది ఆమె తండ్రి పేరున తీసిన ఆదాయ ధ్రువపత్రం. తప్పంతా అక్కడే ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలా తిరిగి తిరిగి విసిగిపోయి చదువే మానేసినవాళ్లు నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మనం మాట్లాడుకునేది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ గురించి, అంటే టెన్త్ తర్వాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చే సాయం. మొన్నటిదాకా విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు. పేరు మారినా ఇందులో ఉన్నవి రెండే: కాలేజీ ఫీజు, నెలవారీ ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. అంటే నెలకు దాదాపు 20,800 రూపాయలు. పెళ్లయిందనో, పిల్లలున్నారనో దీన్ని ఆపరు. అయితే రోజూ కాలేజీకి వెళ్లే రెగ్యులర్ కోర్సు అయి ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. దూరవిద్యకు, మేనేజ్‌మెంట్ సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు ఫీజు రాదు. సీటు కౌన్సెలింగ్‌లో వచ్చిందా లేదా అన్నది చేరకముందే చూసుకోండి. చేరాక చేయగలిగింది ఏమీ ఉండదు.

దరఖాస్తు చేయడం పెద్ద పనేమీ కాదు. కాలేజీలో చేరాక స్కాలర్‌షిప్ సెక్షన్‌లో మీ వివరాలు జ్ఞానభూమి అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తారు. తర్వాత మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ తనిఖీ చేస్తారు. ఆధార్, టెన్త్, ఇంటర్ మార్కుల లిస్టులు, టీసీ, బియ్యం కార్డు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం దగ్గర ఉంచుకోండి. చదువు మధ్యలో ఆగిన ఏళ్లకు గ్యాప్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు.

ఇక అసలు చిక్కు. పెళ్లికాని అమ్మాయికి కులం, ఆదాయం రెండూ తండ్రి పేరునే నడుస్తాయి. పెళ్లయ్యాక ఆ రెండూ విడిపోతాయి. కులం పుట్టుకతో వచ్చింది కాబట్టి ఆ పత్రం తండ్రి పేరుతోనే ఉంటుంది. చిన్నప్పుడు తీసుకున్నది ఉంటే కన్నవారింట్లో వెతికి తెచ్చుకోండి. ఆదాయం మాత్రం భర్తది చూస్తారు. ఉద్యోగం లేని వివాహిత విద్యార్థినికి భర్త ఆదాయాన్నే లెక్కలోకి తీసుకోవాలని ఎస్సీ, ఓబీసీ విద్యార్థుల కేంద్ర మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. అత్తమామలది గానీ, మరుదులది గానీ అందులో కలపరు. ఎవరైనా ఇంట్లో అందరిదీ కలిపి రాస్తానంటే ఈ మాట చెప్పండి.

భర్త చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కూలికి ఉంటే, ఆయన లేకుండా పత్రం ఎలా ఇస్తారని చాలామంది తండ్రి పేరున తీసేసుకుంటున్నారు. అలా చేయకండి. ఆయన ఆధార్ జిరాక్స్, బియ్యం కార్డు పట్టుకుని అత్తవారి ఊరి సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. వీఆర్వో, ఆర్ఐ విచారణ అయ్యాక తహసీల్దారు కార్యాలయం నుంచి పత్రం వస్తుంది. విచారణకు వచ్చినప్పుడు ఆయన ఏం పని చేస్తాడో, నెలకు ఎంత పంపుతాడో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. భయపడాల్సింది ఏమీ లేదు, కూలి డబ్బు ఏడాదంతా కలిపినా రెండున్నర లక్షలు దాటడం అరుదు. తక్కువ రాయిస్తానని డబ్బులడిగే వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. సర్వీసు ఛార్జీ ఎంతో రసీదు మీదే ఉంటుంది.

దీనికి ముందు ఇంకొకటి చూసుకోవాలి. మీ పేరు ఇంకా పుట్టింటి బియ్యం కార్డులోనే ఉందేమో. సచివాలయం లెక్కల్లో మీరు ఇంకా నాన్నగారి కుటుంబంలోనే ఉంటే, ఆయన పొలమో, తమ్ముడి కారో మీ దరఖాస్తుకు అడ్డం పడుతుంది. ముందు పేరు అత్తవారి కార్డులోకి మార్పించుకోండి. రోజులు పట్టే పని, అడ్మిషన్ దాకా ఆగకండి.

ఇంటిపేరు విషయంలో తొందరపడకండి. టెన్త్ లిస్టులో కన్నవారి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తవారిది ఉంటే వివాహ ధ్రువపత్రం జత చేసి కాలేజీలో మాట్లాడండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు.

ఆధార్ తనిఖీకి వేలిముద్ర వేసే దగ్గర మన వైపు ప్రత్యేకంగా ఒక కష్టం ఉంది. జీడి రసం పట్టి పట్టి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. ఆ చెల్లెమ్మ కుడిచేతి బొటనవేలు నున్నగా, నల్లగా గోలీలా ఉంది. మిషన్ ఎన్నిసార్లు పెట్టినా తీసుకోలేదు. ఆమె సిగ్గుతో చెయ్యి చీర కొంగులో దాచుకుంది. సిగ్గెందుకమ్మా, అది పని చేసిన చెయ్యి. ఇలాంటప్పుడు కనుపాపతో గానీ, ఓటీపీతో గానీ చేయమని అడగండి. ఓటీపీ రావాలంటే మీ ఫోన్ నంబరు ఆధార్‌కు లింకై ఉండాలి. భర్త దగ్గరున్న నంబరు లింకై ఉంటే ముందే మీ నంబరు పెట్టించుకోండి.

చివరిది బ్యాంకు ఖాతా. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి సొంత ఖాతాలో పడుతుంది. ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు లింకైతే డబ్బు అందులోకే వెళ్తుంది, మీరు రాసిచ్చిన ఖాతాలోకి కాదు. ఎప్పుడో డ్వాక్రా కోసం తెరిచి వదిలేసిన ఖాతాలో పడి ఉందని తెలియక ఏడ్చినవాళ్లున్నారు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్టేటస్, అంటే ఏ బ్యాంకు లింకై ఉందన్నది, చూస్తే తెలిసిపోతుంది.

గర్భిణిగా ఉండి హాజరు గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా నిబంధనలు పెట్టుకోమని యూజీసీ (విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. నెలలు నిండే దాకా ఆగకుండా ప్రిన్సిపాల్‌కు అర్జీ రాసిచ్చి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోండి.

ఆ చెల్లెమ్మ భర్త పేరున పత్రం తీయించి నాలుగోసారి పెట్టింది. ఈసారి దరఖాస్తు వెనక్కి రాలేదు.