పాత స్పోర్ట్స్ వాచీ కొంటున్నారా? మెరుపు కాదు, డయల్ చూడండి

ఒకే మోడల్, ఒకే ఏడాది వాచీలు రెండు పక్కపక్కన పెడితే, గీతలు పడి మాసినట్టు ఉన్నదానికే ఎక్కువ ధర పలకొచ్చు. తళతళలాడేదాన్ని తెలిసినవాళ్లు పక్కన పెట్టేస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భాగాలు, రూపం ఎంత మిగిలి ఉంటే అంత విలువ. ఇది ఒంటబట్టాకే డబ్బు బయటికి తీయండి.

1. ఒక్క మోడల్ పట్టుకోండి

హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. మనం అక్కడ మొదలుపెట్టక్కర్లేదు. 1969లో వచ్చిన సీకో 6139 ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌తో (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) మొదలుపెట్టొచ్చు. మన దేశంలో దశాబ్దాలపాటు అమ్ముడైన ఫేవర్ లూబా కూడా మంచి దారే. ఆ కంపెనీ 1962లో తెచ్చిన బివోవాక్ కొండ ఎక్కేవాళ్లకు ఎత్తు కూడా చూపించేది.

మోడల్ ఎంచుకున్నాక కొన్ని నెలలు చదవడమే పని. ఉదాహరణకు ఒమెగా స్పీడ్‌మాస్టర్ బెజెల్ (అద్దం చుట్టూ ఉండే అంకెల రింగు) మీద 90 అంకె దగ్గరి చుక్క చూడండి. సుమారు 1970కి ముందు వాటిలో చుక్క అంకెకు పైన ఉంటుంది, తర్వాత వాటిలో పక్కకు జరిగింది. ఆ ఒక్క చుక్కతో ధర మారిపోతుంది.

2. డయల్‌కే ఎక్కువ టైమ్ ఇవ్వండి

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కొనుక్కోండి. మన మార్కెట్లో రీడయల్ బెడద చాలా ఎక్కువ. పాత రంగు గీకేసి, కొత్తగా ముద్రించి అమ్మేస్తారు. అక్షరాలు లావెక్కినా, అంచులు అలికినట్టున్నా, నిమిషాల గీతలు గుర్తులతో కలవకపోయినా వదిలేయండి.

తర్వాత లైటు ఆపి చూడండి. 1960ల నుంచి 1990ల దాకా చాలా వాచీల్లో చీకట్లో వెలగడానికి ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం వాడారు. దాని శక్తి సుమారు ప్రతి 12 ఏళ్లకు సగానికి పడిపోతుంది. అంటే 1970 నాటి వాచీ ఇప్పుడు దాదాపు వెలగకూడదు. రాత్రంతా వెలిగితే కొత్త రంగు పూసినట్టే. ముళ్ల మీద రంగు, డయల్ మీద రంగు ఒకేలా పండి ఉన్నాయా అన్నదీ గమనించండి.

3. వెనక మూత తీయించండి

మూత తీయనివ్వని వ్యాపారి దగ్గర కొనకండి. ఆ కాలపు రోలెక్స్‌లో సీరియల్ నంబరు పట్టీ తగిలించే కొమ్ముల మధ్య, కేసు మీద ఉంటుంది, పట్టీ విప్పితేనే కనిపిస్తుంది. ఒమెగాలో లోపల యంత్రం మీద ఉంటుంది. ఆ నంబరు చెప్పే కాలం, డయల్ కాలం ఒకటే కావాలి. క్రోనోగ్రాఫ్ అయితే బటన్లు నొక్కి చూడండి. రీసెట్ బటన్ నొక్కినప్పుడు స్టాప్‌వాచ్ ముల్లు సరిగ్గా 12 దగ్గర ఆగాలి.

4. హైదరాబాద్‌లో ఎక్కడ వెతకాలి?

ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్ కంటికి సాధన చేయడానికి బాగుంటాయి. హెచ్ఎంటీ, మన ఊరి ఆల్విన్ వాచీలు చేత్తో పట్టుకుని చూడండి. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు మాత్రం బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి, దొంగసొత్తు అయితే టెన్షన్ మీకే. వీటన్నిటికంటే ముందు బంధువుల ఇళ్లలో అడగండి. గల్ఫ్ వెళ్లొచ్చిన మామయ్యలు, బాబాయిలు తెచ్చిన సీకోలు, సిటిజన్‌లు బీరువాల్లో ఇంకా ఉన్నాయి. ఎవరి చేతిదో తెలిసిన వాచీ దొరకడం అదృష్టం. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం ముందే లెక్కేసుకోండి.

5. మెకానిక్‌కు ముందే చెప్పండి

మన దగ్గర సర్వీస్ అంటే పాలిష్ కూడా కలిపే. కొమ్ముల మీది పదునైన అంచు ఒకసారి అరిగితే మళ్లీ రాదు. అందుకే వాచీ ఇచ్చేటప్పుడే, "భాయ్, పాలిష్ వద్దు, డయల్ ముట్టుకోవద్దు, మార్చిన పాత ముక్కలు నాకే ఇచ్చేయండి" అని రసీదు మీద రాయించండి.

డయల్ మీద 200 మీటర్లు అని ఉన్నా వానలో పెట్టుకోకండి, లోపలి రబ్బరు వాషర్లు ఎప్పుడో గట్టిపడి ఉంటాయి. అద్దం లోపల ఆవిరి పట్టినట్టు కనిపిస్తే అదే రోజు మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లండి. తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.