ఛార్జర్ ‘యాక్సెప్టెడ్’ అంటోంది, కరెంటు మాత్రం తగ్గట్లేదు: నా అనుభవం

ఇంటిమీద సోలార్, కింద కారుకి 7.4 కిలోవాట్ల వాల్ ఛార్జర్. ఎండని బట్టి ఛార్జింగ్ తగ్గాలని ఛార్జర్‌ని ఓసీపీపీ 1.6 (ఛార్జర్, సాఫ్ట్‌వేర్ మాట్లాడుకునే ప్రామాణిక భాష) ద్వారా ఎనర్జీ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కి కలిపాను. మబ్బు పట్టగానే తగ్గించమని ఆదేశం వెళ్లేది, ఛార్జర్ ‘యాక్సెప్టెడ్’ అనేది, కారు మాత్రం 32 ఆంపియర్లు లాగుతూనే ఉండేది. రూటర్ మార్చినా, ఛార్జర్ రీసెట్ చేసినా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా ఫలితం లేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు ప్లగ్ తీసేసి, ‘గెట్ కాన్ఫిగరేషన్’ (ఛార్జర్ సెట్టింగులు అడిగే ఆదేశం) పంపి, ఛార్జర్ ఇచ్చిన జాబితా మొత్తం చదివాను. ‘ఛార్జింగ్ షెడ్యూల్ అలౌడ్ ఛార్జింగ్ రేట్ యూనిట్’ ఎదురుగా ‘కరెంట్’ అని మాత్రమే ఉంది. అంటే ఈ ఛార్జర్ పరిమితిని ఆంపియర్లలోనే తీసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ పంపుతున్నదేమో వాట్లలో! యూనిట్‌ని ఆంపియర్లకి మార్చాను. తర్వాత ‘క్లియర్ ఛార్జింగ్ ప్రొఫైల్’ ఆదేశంతో పాత ప్రొఫైల్స్ (ఛార్జర్‌కి ముందు పంపిన పరిమితులు) అన్నీ తుడిచేశాను. దీన్ని మాత్రం వదిలేయకండి, పాతవి మిగిలితే ఏ పరిమితి నడుస్తోందో తేల్చుకోలేం. అప్పుడు ప్లగ్ పెట్టి, ఛార్జింగ్ మొదలయ్యాక, కనెక్టర్ 1కి ‘టీఎక్స్ ప్రొఫైల్’గా (అప్పుడు నడుస్తున్న ఛార్జింగ్‌కి మాత్రమే వర్తించే పరిమితి) 10 ఆంపియర్లు పంపాను. ఈ రకం ప్రొఫైల్‌ని ఛార్జింగ్ నడుస్తుండగానే పంపాలి, ముందే పంపితే చెల్లదు. కాసేపటికే మీటర్ రీడింగ్ 32 నుంచి 10కి దిగింది. ఎంత హాయిగా అనిపించిందో!

కనిష్ఠం 6 ఆంపియర్లు పెట్టుకోండి. ఐఈసీ 61851 అనే కార్ల ఛార్జింగ్ ప్రమాణం ప్రకారం అంతకన్నా తగ్గదు, సింగిల్ ఫేజ్‌లో అది దాదాపు 1.4 కిలోవాట్లు.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. మీ జాబితాలో ‘పవర్’ (అంటే వాట్లు) కూడా ఉంటే సమస్య వేరే చోట ఉండొచ్చు. అదే జాబితాలోని ‘సపోర్టెడ్ ఫీచర్ ప్రొఫైల్స్’ (ఛార్జర్‌లో ఉన్న సౌకర్యాల వరస)లో ‘స్మార్ట్ ఛార్జింగ్’ లేకపోతే ఈ పద్ధతి మీకు పనికిరాకపోవచ్చు.