కాగితపు టైగర్ మాత్: 1:48 స్కేలులో రెండు రెక్కలూ సరిగా నిలబెట్టడం

డి హావిలాండ్ టైగర్ మాత్ 1931లో తొలిసారి ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ బేగంపేటలో పైలట్లకు తొలి పాఠాలు చెప్పింది ఈ విమానం మీదే. అసలు దాని రెక్కల పొడవు 8.94 మీటర్లు. 1:48కి తగ్గిస్తే 186 మిల్లీమీటర్లు, అంటే ఒక్క ఏ4 కాగితంలో హాయిగా ఇమిడిపోతుంది. కాగితపు మోడళ్లలో, పైనొకటి కిందొకటి రెండు రెక్కలుండే విమానం మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు.

కాగితపు విమానాల నమూనాలు ఎక్కువగా 1:33లో దొరుకుతాయి. 1:48 కావాలంటే 69 శాతానికి తగ్గించి ప్రింట్ తీయాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బొమ్మ తగ్గుతుంది గానీ అట్ట మందం తగ్గదు. లోపలి అస్థిపంజరానికి నమూనాలో 1 మి.మీ. అట్ట వాడమంటే మీరు 0.7 మి.మీ. వాడాలి. లేకపోతే గాళ్లలో ముక్కలు దూరవు, బలవంతంగా దూరిస్తే బాడీ ఉబ్బి పై కాగితం అంచులు కలవవు. పై తొడుగుకు 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) కాగితం, చుట్టాల్సిన సన్న ముక్కలకు 80 జీఎస్ఎం సరిపోతాయి. ఇంక్‌జెట్ ప్రింటైతే కత్తిరించక ముందే రెండు వైపులా పారదర్శక అక్రిలిక్ స్ప్రే పలచగా కొట్టండి. జిగురు తడికి రంగు కారదు, విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ల వానాకాలపు తేమకు కాగితం మెత్తబడదు.

ప్రింట్ తీసే ముందు కాగితం నార ఎటు ఉందో చూసుకోండి. కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచితే, ఎటు సులువుగా వంగుతుందో ఆ మడత వెంటే నార ఉన్నట్టు. రెక్క పొడవు, బాడీ పొడవు ఆ నార వెంటే ఉండాలి. తడి తగిలితే కాగితం నారకు అడ్డంగా సాగుతుంది. నార రెక్క వెడల్పు వైపు ఉంటే, జిగురు రాయగానే రెక్క పొడవునా సాగి, ఆరాక విల్లులా వంగిపోతుంది. తర్వాత ఎంత బరువు పెట్టినా అది పూర్తిగా చదును కాదు.

రెక్క ముందు అంచును గట్టిగా మడవకండి. స్వెట్టర్ అల్లే సూది మీద దొర్లించి గుండ్రంగా తిప్పండి. ముందు అంచు నుంచి మూడో వంతు దూరంలో లోపల ఒక అట్ట పట్టీ నిలబెడితే పైభాగపు వంపు నిలుస్తుంది. వెనుక అంచు పదునుగా ఉండాలి. 2 మి.మీ. మేరకే రబ్బరు జిగురు పలచగా రాసి, స్టీలు స్కేలు కింద రాత్రంతా ఉంచండి. ఇక్కడ ఫెవికాల్ వద్దు, దాని నీటికి అంచు అలలు తేలుతుంది. మిగతా చోట్ల ఫెవికాల్ మంచిదే, టూత్‌పిక్ మొనతో మాత్రమే రాయండి. కత్తిరించిన తెల్ల అంచులన్నిటికీ అతికించక ముందే వాటర్ కలర్ పూయాలి.

అసలు విమానంలో ముందు సీటులో ఉన్నవాడు పారాచూట్‌తో బయటపడే వీలు కోసం పై రెక్క మధ్య భాగాన్ని ముందుకు జరిపారు. దాంతో చెడిన సమతుల్యం సరిచేయడానికి రెక్కలను వెనక్కి వాల్చారు. ఆ వాలు రెండు వైపులా సమానంగా రాకపోతే మోడల్ ఎంత శుభ్రంగా చేసినా కుంటుతున్నట్టే కనిపిస్తుంది. తోక చివర నుంచి ఒక్కో రెక్క కొసకు దారం పట్టి కొలవండి. 0.5 మి.మీ.కి మించి తేడా ఉంటే జిగురు ఆరకముందే సరిచేయండి.

పై రెక్కను చేత్తో పట్టుకుని అతికించాలని చూడొద్దు. చెప్పుల డబ్బా అట్ట రెండు ముక్కలు కలిపి పట్టి, నమూనాలోని పక్క బొమ్మ ప్రకారం కింది రెక్కకు ఒక గాడి, దానికంటే కాస్త ముందుగా పై రెక్కకు మరో గాడి ఒకేసారి కోయండి. కలిపి కోశారు కాబట్టి రెండు వైపులా ఎత్తు ఒకటే వస్తుంది. రెక్కలను ఇందులో నిలబెట్టి, మొదట బాడీ మీద పై రెక్కను మోసే నాలుగు స్తంభాలు అతికించి ఒక పూట ఆరనివ్వండి. ఆ తర్వాతే రెక్కల మధ్య స్తంభాలు, పక్కకు రెండేసి. స్తంభాలకు కాగితం చుట్టడం కంటే ఊదుబత్తి పుల్ల మేలు. మందు గీకేసి, ఉప్పు కాగితం మీద రెండు వైపులా రుద్ది 0.6 మి.మీ. మందానికి తెస్తే అసలు స్తంభంలాగే బాదం ఆకారం వస్తుంది. రెండు కొసలా 1 మి.మీ. అదనంగా ఉంచి రంధ్రాల్లోకి దించండి, ఊరికే ఆనించి అతికిస్తే, రెక్కల మధ్య బిగించే తీగలు లాగినప్పుడు ఊడతాయి.

తీగలకు 0.1 మి.మీ. నైలాన్ దారం చాలు. రెక్కలు బిగించక ముందే సన్న సూదితో రంధ్రాలు పొడిచి పెట్టుకోండి. మధ్య స్తంభాల దగ్గర మొదలుపెట్టి బయటికి రావాలి. పై రెక్క మధ్య నుంచి కింది రెక్క వైపు దిగే తీగలు నేల మీద రెక్క బరువు మోసేవి, అవి ముందు. బాడీ కింద నుంచి పై రెక్కకు ఎక్కేవి గాలిలో పని చేసేవి, అవి తర్వాత. ఒక తీగ ఎడమన కడితే వెంటనే దాని జత కుడివైపు కట్టండి. ఒక పక్క పూర్తి చేసి రెండో పక్కకు వెళ్తే రెక్క అటే లాక్కుపోతుంది. ఫెవిక్విక్ సూది మొన మీద చుక్కగా పెట్టండి, ఎక్కువైతే చుట్టూ తెల్లటి మచ్చ పడుతుంది. ఆరాక వదులుగా ఉన్న తీగ దగ్గరికి, సెంటీమీటరు దూరంలో వెలిగించిన ఊదుబత్తి ఆపకుండా కదిలిస్తూ తీసుకెళ్తే నైలాన్ కుంచించుకుని బిగుస్తుంది. నిప్పు తగిలితే తెగుతుంది, కాబట్టి ముందు తునక దారం మీద చేయి అలవాటు చేసుకోండి.

చక్రాలు, ప్రొపెల్లర్, గాలి అద్దాలు ఆఖరున. తీగలు కట్టేటప్పుడు విమానాన్ని పదిసార్లు తిరగేస్తారు, ముందే పెడితే ఊడొస్తాయి.