పాడైంది కన్సోల్ కాదు, కుదరంది జోడీ

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఫోన్లు, టీవీకి తగిలించి ఆటలాడే గేమ్ కన్సోళ్లు రిపేరు చేస్తుంటాను. "పాడైపోనాది బాబూ, సూడు" అని తెచ్చే కన్సోళ్లలో చాలావాటికి స్క్రూ కూడా విప్పే పనుండదు. మిషన్ బాగానే ఉంటుంది. ఆడే మనిషికీ దానికీ జాతకం కలవదు, అంతే. కొన్నవాళ్లు సర్దుకోడానికీ, కొనబోయేవాళ్లు ముందే చూసుకోడానికీ పనికొస్తుందని రాస్తున్నాను.

"నెల్లాళ్లకే మూల పడేశాడు, మళ్లీ ఫోనే"

నరసన్నపేట నుంచి ఒక మేస్టారు పీఎస్5ని (సోనీ ప్లేస్టేషన్ 5 కన్సోల్) అట్టపెట్టెతో సహా తెచ్చారు. "మా గుంటడు ముట్టుకోడం లేదు, ఏటైందో సూడు" అన్నారు. ఆన్ చేశాను, నిక్షేపంలా ఉంది. కంట్రోలర్ మీదైతే వేలిముద్ర మరక కూడా లేదు. పక్కన నిలబడ్డ కుర్రాణ్ని ఏం ఆడతావని అడిగితే, నేల చూపులు చూస్తూ "బీజీఎంఐ" అన్నాడు.

కారణం అక్కడే దొరికింది. బీజీఎంఐ అంటే పబ్జీకి మన దేశపు రూపం, ఫోన్లో ఆడే ఆట. కన్సోల్‌లో ఉండే పబ్జీ బ్యాటిల్‌గ్రౌండ్స్ వేరు. 2022 జనవరి నుంచి అది ఉచితమే గానీ, అందులోంచి ఫోన్లో ఉన్న స్నేహితులతో జట్టు కట్టడం కుదరదు. జట్టంతా ఫోన్లో ఉంటే వీడొక్కడూ టీవీ ముందు కూర్చుని ఏం చేస్తాడు?

అందుకే ఏ కన్సోల్ మంచిదని కాదు, ఎవరితో ఆడతాడని అడగండి. జట్టు ఫోన్లో ఉంటే మంచి ఫోన్ కొనివ్వండి, కన్సోల్ వద్దు. ఒంటరిగా తలుపేసుకుని స్పైడర్‌మ్యాన్, గాడ్ ఆఫ్ వార్ లాంటి కథల ఆటలు ఆడేవాడికి పీఎస్5 సరిపోతుంది. వారానికో ఆట రుచి చూసి వదిలేసే రకమైతే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ తీసుకుని, నెలనెలా డబ్బు కట్టి బోలెడు ఆటలు ఆడుకునే గేమ్ పాస్ పెట్టుకోవాలి. సంక్రాంతికి బావలూ మరదళ్లూ చేరి చాప మీద కూర్చుని అరుచుకుంటూ ఆడే ఇంటికి నింటెండో స్విచ్‌ను మించింది లేదు. దాని జాయ్‌కాన్ జత (రెండు చిన్న కంట్రోలర్లు) విడదీస్తే చెరొకటి పట్టుకుని ఇద్దరు ఆడొచ్చు. కాకపోతే స్విచ్‌ను నింటెండో మన దేశంలో అధికారికంగా విడుదల చేయలేదు. బయటి సరుకే వస్తుంది, కాబట్టి పాడైతే ఎవరు చూస్తారో కొన్న చోటే అడగండి.

మేస్టారి దగ్గర డబ్బులు తీసుకోలేదు. బిల్లు, అట్టపెట్టె ఉండగానే అమ్మేయమన్నాను.

"డిస్కు పెట్టే సందే లేదు"

కొన్ని వేలు తగ్గుతుందని, డిస్కు సందు లేకుండా ఆటలు నెట్‌లోంచే దించుకునే డిజిటల్ ఎడిషన్ కొంటారు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కైతే ఆ సందు అసలే లేదు, తర్వాత తగిలించుకునే వీలూ లేదు. 2020 నాటి పీఎస్5 డిజిటల్‌దీ అదే కథ. 2023లో వచ్చిన స్లిమ్ డిజిటల్‌కి మాత్రం డిస్కు డ్రైవ్ విడిగా కొని బిగించొచ్చు, మొదటిసారి నెట్ ఉండాలి. ఆడేసిన డిస్కు స్నేహితుడికిచ్చి అతనిది తెచ్చుకునే అలవాటుంటే డిస్కుదే కొనండి. ఇంట్లో వైఫై లేక ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు డిజిటల్ జోలికే పోవద్దు. రోజుకి 2 జీబీ చొప్పున 100 జీబీ ఆట దిగడానికి 50 రోజులు పడుతుంది!

"హార్డ్ డిస్క్ పెట్టినా ఆట తెరుచుకోదు"

హార్డ్ డిస్క్ పాడవలేదు. యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో పీఎస్5 ఆటల్ని దాచుకోవచ్చు గానీ అక్కడి నుంచి ఆడలేం. పాత పీఎస్4 ఆటలైతే నడుస్తాయి. పీఎస్5 లోపల ఎం.2 ఎస్ఎస్‌డీకి (లోపల బిగించే వేగమైన స్టోరేజీ) చోటుంది, అందులో వేస్తే సరి. సిరీస్ ఎస్‌కి దాని ఎక్స్‌పాన్షన్ కార్డే (వెనక గుచ్చే అదనపు స్టోరేజీ) కావాలి. సిరీస్ ఎస్ మీద 512 జీబీ అని రాసున్నా వాడుకోడానికి మిగిలేది సుమారు 364. పెద్ద ఆటలు మూడు నాలుగు వేస్తే నిండిపోతుంది.

"బటన్ నొక్కాక ఆలస్యంగా కదుల్తున్నాడు"

టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బొమ్మకి మెరుగులు దిద్దుతూ టీవీయే ఆలస్యం చేస్తోంది.

"ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే ఆగిపోద్ది"

మా జిల్లాలో ఎక్కువగా వినేది ఇదే. ఇన్వర్టర్‌కి యూపీఎస్, ఎకో అని రెండు మోడ్‌లు మార్చే స్విచ్చుంటుంది. లో వోల్టేజీ ఊళ్లలో యూపీఎస్ మోడ్‌లో ఉన్న ఇన్వర్టర్ చీటికీ మాటికీ బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. బ్యాటరీ ఊరికే అయిపోతోందని ఎలక్ట్రీషియన్ స్విచ్చును ఎకో వైపు తిప్పేసి పోతాడు. ఎకోలో లైన్ కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి కాస్త ఎక్కువ టైం పడుతుంది. ఫ్యానుకి ఆ తేడా తెలీదు, కన్సోల్ మాత్రం ఆరిపోతుంది. మళ్లీ వేస్తే సరిగ్గా ఆపలేదంటూ స్టోరేజీ తనిఖీకి కూర్చుంటుంది. పదేపదే ఇలా ఆరితే సేవ్ చేసుకున్న ఆటే పోవచ్చు.

స్విచ్చు యూపీఎస్ వైపు తిప్పండి. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దేనా (లైన్ కరెంటులాంటి కరెంటే ఇచ్చేదేనా) చూసుకోండి. ఆడేటప్పుడు పీఎస్5 సుమారు 200 వాట్లు లాగుతుంది, సిరీస్ ఎస్ 100 లోపే. టీవీ వాట్లు కూడా దానికి కలుపుకోవాలి. గంటలకొద్దీ కరెంటు పోయే ఊరైతే (తిత్లీ తుపాను చూసిన ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు) సొంత బ్యాటరీ ఉన్న నింటెండో స్విచ్ నయం. దాన్ని టీవీకి కలిపే డాక్‌లోంచి తీసి, అరుగు మీద కూర్చుని ఆడుకోవచ్చు.