కచేరీ సినిమాలో జనాన్ని ఎలా చూడాలి

కాకినాడలో పదహారేళ్లుగా పెళ్లి వీడియోలు, వినాయక చవితి పందిళ్లలో జరిగే ఆర్కెస్ట్రా ప్రోగ్రాముల వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. ఆ పనిలో ఉండటం వల్ల కచేరీ సినిమా, అంటే నిజంగా జరిగిన సంగీత కచేరీని చిత్రీకరించిన సినిమా, పెడితే నా కన్ను పాడేవాళ్ల కంటే వినేవాళ్ల మీదికే ముందు పోతుంది. అలా చూస్తే సినిమా రెట్టింపు దక్కుతుంది. ఎలాగో చెబుతాను.

ఏదో ఒక పాట ఎంచుకుని రెండుసార్లు చూడండి. రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేయండి. పాట వినపడకపోతే కట్‌లు కనపడతాయి. జనం మీదికి ఎప్పుడు వెళ్లారు, ఒక ముఖం దగ్గర ఆగారా, దూరం నుంచి తలలు మాత్రం చూపించారా, ఎంతసేపు ఉన్నారు? కాగితం మీద గీతలు పెట్టుకోండి.

తర్వాత వేదిక మీది వెలుతురును జనం మీది వెలుతురుతో పోల్చండి. ఒకసారి మా పందిట్లో ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంటున్న షాట్ దొరికింది. ఆవిడ ఏడ్చింది వేరే పాటకి. నేను దాన్ని తీసుకెళ్లి రెండు పాటల తర్వాత వచ్చే అమ్మ పాటలో పెట్టాను. చూసినవాళ్లందరూ ఆ పాటకే ఏడ్చిందనుకున్నారు. అప్పటినుంచి ఏ సినిమాలోనైనా వేదిక మీద ఎర్ర లైటు ఉంటే ముందు వరస ముఖాల మీద కూడా ఆ ఎరుపు ఉందా, చప్పట్లు కొట్టే చేతులు తాళంలో పడుతున్నాయా అని చూస్తాను. పడకపోతే ఆ షాట్ ఇంకోచోటి నుంచి వచ్చి ఉండొచ్చు. దాన్ని మోసం అనను. కానీ తెలిసి చూడాలి.

వినేవాళ్లను ఎలా చూపించాలో ఒకేచోట నేర్చుకోవాలంటే డి.ఎ. పెన్నెబేకర్ తీసిన ‘మాంటెరీ పాప్’ చూడండి. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలో మూడు రోజులు జరిగిన సంగీత ఉత్సవాన్ని చూపిస్తుంది. సినిమా 1968లో వచ్చింది. చివర్లో పండిట్ రవిశంకర్ సితార్, అల్లా రఖా తబలా దాదాపు 18 నిమిషాలు ఉంటాయి. సితార్ మోగుతుంటుంది గానీ వాయించే మనిషి చాలాసేపటిదాకా కనపడడు. మైదానంలో జనం, వాళ్ల ముఖాలు, అంతే. సంగీతం ఎవరి చెవుల్లో పడుతోందో ముందు చూపించి, ఆ తర్వాతే వేళ్ల దగ్గరికి తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి సితార్, తబలా ఒకదానికొకటి బదులిచ్చుకుంటూ వేగం పెంచుతాయి. ఆగగానే జనమంతా లేచి నిలబడతారు. మన కచేరీల్లో తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం, మొదలవగానే కాఫీకి లేచేవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి. రాగం పేరు కూడా తెలియని ఆ కుర్రకారు అలా వినడం చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక్కడే ఇంకో పని చేయండి: సినిమాలో వచ్చే క్రమాన్ని అసలు ఉత్సవం క్రమంతో పోల్చండి. రవిశంకర్ వాయించింది ఆదివారం మధ్యాహ్నం. ఆ రాత్రి ముగింపు మామాస్ అండ్ పాపాస్ బృందానిది. సినిమాను మాత్రం సితార్‌తో ముగించారు. ఆ జనమంతా కలిసి ఒక్కచోటికి చేరినట్టు మనకు అనిపించడంలో ఆ నిర్ణయానిది పెద్ద పాత్ర.

జనాన్ని చూపించకపోవడం కూడా ఒక పద్ధతే. టాకింగ్ హెడ్స్ అనే అమెరికన్ రాక్ బృందం కచేరీల మీద తీసిన 1984 నాటి ‘స్టాప్ మేకింగ్ సెన్స్’లో దర్శకుడు జొనాథన్ డెమ్మీ దాదాపు చివరి పాట వరకు ప్రేక్షకుల ముఖాలు దాచిపెట్టాడు. అది చూసేటప్పుడు మీ కాళ్లు ఎప్పుడు కదిలాయో గమనించండి.

జనం ముఖాల్లో భయం కూడా వెతకండి. 1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ బృందం కచేరీ జరుగుతుండగా వేదిక ముందే ఒక యువకుణ్ణి పొడిచి చంపారు. ఆ కచేరీ మీద వచ్చిన ‘గిమ్మీ షెల్టర్’ సినిమాలో ఆ బృందం గాయకుడు మిక్ జాగర్ ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆ ఫుటేజీ చూస్తాడు. అది చూశాక జనసందోహం అనే మాటను తేలిగ్గా వాడలేకపోతున్నాను.

చివరగా, పాట వినడానికి రాని మనుషుల కోసం చూడండి. 1969లో అమెరికాలో జరిగిన భారీ సంగీత ఉత్సవం మీద తీసిన ‘వుడ్‌స్టాక్’ సినిమాలో తెరను రెండు మూడు ముక్కలు చేసి వేదికను, జనాన్ని పక్కపక్కనే చూపిస్తారు, అది బాగుంటుంది. నాకు అంతకంటే ముఖ్యం మరుగుదొడ్లు కడిగే పనిలో ఉన్న మనిషి. తన కొడుకుల్లో ఒకడు ఈ జనంలోనే ఉన్నాడని, ఇంకొకడు వియత్నాంలో ఉన్నాడని పని చేసుకుంటూనే చెబుతాడు.

ఆ సీన్ చూశాక మా పందిట్లో ఒక కెమెరాను జనరేటర్ దగ్గరుండే కుర్రాడి వైపు తిప్పి పెడుతున్నాను. పోయిన చవితికి మూడో పాట నడుస్తుంటే వాడు డీజిల్ పోస్తూ పల్లవికి పెదాలు కదిపాడు. ఆ షాట్‌ను ఆ పాటలోనే ఉంచాను.