రొమ్ము ఇంప్లాంట్ ఆపరేషన్ తర్వాత ఒక వైపే నొప్పి ఎక్కువగా ఉందా? ముందు ఇవి చూడండి

మాత్ర మార్చే ముందు, ఎవరికైనా ఫోన్ చేసే ముందు, సర్జికల్ బ్రా హుక్కులు విప్పి అద్దం ముందు నిలబడండి. అందరూ దాటేసేది ఈ ఒక్క పనే. కుడికీ ఎడమకీ నొప్పిలో తేడా ఉండటం మామూలు విషయం. అసలు పోల్చి చూడాల్సింది నొప్పిని కాదు, రొమ్ముల సైజు, గట్టిదనం, చర్మం రంగు, వేడి. వేడి చూడటానికి అరచేయి పనికిరాదు, చేతి వెనక భాగం ఆనించాలి, రెండు వైపులా ఒకే చోట. రోజూ ఉదయం అదే వెలుతురులో, అంతే దూరం నుంచి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. నిన్నటికీ ఇవాళ్టికీ మారిందా అంటే జ్ఞాపకం తడబడుతుంది, ఫోటో తడబడదు.

తర్వాత డిశ్చార్జ్ సమ్మరీ తీయండి. అది ఫైల్లో పెట్టి బీరువాలో దాచుకునే కాగితం కాదు, చదవాల్సినది. రెండు వైపులా ఒకే సైజు పెట్టారా? సహజంగానే తేడా ఉన్నవాళ్లకి ఒక వైపు 275 సీసీ, ఇంకో వైపు 325 సీసీ పెట్టడం ఉంటుంది. పెద్దది పెట్టిన వైపు చర్మం, కండరం ఎక్కువ సాగుతాయి, బిగుతూ అటే ఎక్కువ. లోపల చేరే రక్తం, నీరు బయటికి తీసే డ్రెయిన్ పైపు ఒక వైపే పెట్టారా? అయితే అది వచ్చిన దారి కూడా కొన్నాళ్లు సలుపుతుంది. సగం మంది ప్రశ్నకు జవాబు ఆ ఒక్క పేజీలోనే ఉంటుంది.

ఒక వైపు గంటల్లో ఉబ్బిపోతే

రొమ్ము చూస్తుండగానే పెద్దదై, రాయిలా బిగుసుకుని, కమిలిన రంగు పాకుతూ, మాత్రకు లొంగని పోటు ఉంటే లోపల రక్తం చేరుతోందని అనుకోవాలి. ఎక్కువగా తొలి 48 గంటల్లో జరుగుతుంది. రెండో వారంలో బరువెత్తినా రావచ్చు. దీనికి ఇంట్లో చేసేది ఏమీ లేదు. తెల్లారేదాకా చూద్దాం అనొద్దు, సర్జన్‌కి ఫోన్ చేసి బయలుదేరండి. మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లి ఆ రక్తం తీయాల్సి రావచ్చు, కాబట్టి దారిలో ఏమీ తినొద్దు, తాగొద్దు. ఆపరేషన్ హైదరాబాద్‌లో, ఇల్లు ఆరు గంటల బస్సు దూరంలో ఉన్నవాళ్లని తొలి రెండు మూడు రోజులు ఊరు దాటొద్దనేది ఇందుకే.

జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, ఒక వైపు ఎరుపు పాకడం, కుట్ల నుంచి చీము రావడం ఇన్ఫెక్షన్ లక్షణాలు. అదే రోజు చూపించుకోండి, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి. ఆయాసం, ఊపిరి పీలిస్తే గుచ్చినట్టు నొప్పి, ఒక పిక్క వాపు, వీటిలో ఏది కనిపించినా సంగతి రొమ్ముది కాదు. 108కి ఫోన్ చేయండి.

వాపు సమానమే, కానీ పని చేసే చేతి వైపు లాగే నొప్పి

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. ఫిర్యాదు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: మూడో రోజుకి బాగానే ఉంది, అయిదో రోజు నుంచి కుడి వైపు లాగుతోంది, సాయంత్రానికి ఎక్కువ, పొద్దున్నే తక్కువ. “ఏమైనా పని చేశారా?” అంటే “అబ్బే, గ్లాసు కూడా ఎత్తలేదు” అంటారు. నిజమే, ఎత్తి ఉండరు. కానీ తోసి ఉంటారు, పిండి ఉంటారు, తిప్పి ఉంటారు.

ఇంప్లాంట్ కండరం కింద పెట్టినప్పుడు సాగేది పెక్టొరాలిస్ మేజర్, అంటే ఛాతీ మీద పరుచుకుని భుజం ఎముకకు అతుక్కునే పెద్ద కండరం. దాని ముఖ్యమైన పని చేతిని ఒంటికి దగ్గరగా లాగడం, లోపలికి తిప్పడం, ముందుకు తోయడం. అనుమానముంటే ఇంట్లో ఆపరేషన్ కానివాళ్ల మీద చూడండి. వాళ్ల చంక ముందు మడతను రెండు వేళ్లతో పట్టుకుని, అప్పడాల కర్రతో చపాతీ ఒత్తుతున్నట్టు చేయమనండి. మడత తాడులా బిగుసుకుంటుంది. ఊరికే గ్లాసెత్తితే అంత బిగుసుకోదు. అందుకే “బరువులు ఎత్తొద్దు” అన్న మాటను అక్షరాలా పాటించినవాళ్లకి కూడా నొప్పి వస్తుంది.

అన్నిటికంటే పెద్ద దొంగ మంచం మీంచి లేవడం. కుడి మోచెయ్యి ఆనించి, అరచేత్తో పరుపును తోసి లేస్తారు. బాత్రూమ్‌కి, మాత్రకి, భోజనానికి కలిపి రోజుకు పదిసార్లు. ఒంటి పైభాగం బరువు ప్రతిసారీ ఆ కండరం మీద కూడా పడుతుంది. మిగతావి దీని తర్వాతే: కుక్కర్ మూత తిప్పడం, తడిబట్టలు పిండటం, కొబ్బరి కోరడం, బిగుసుకున్న తలుపు నెట్టడం, స్కూటీని స్టాండ్ వేయడం, ఇండియన్ టాయ్‌లెట్‌లో గోడ తోసి లేవడం. నీళ్లు నిండిన బకెట్టంటే 15 కిలోల పైమాటే. దాన్ని పక్కకు జరిపినా ఎత్తినట్టే లెక్క.

పరీక్ష రెండు రోజులు పడుతుంది. ఆ 48 గంటలూ కుడి మోచెయ్యి పక్కటెముకల దగ్గరే ఉండాలి. తినడం, ఫోన్ పట్టుకోవడం, ముఖం కడుక్కోవడం, అంతవరకే. తోయడం, పిండటం, మూతలు తిప్పడం సున్నా. సాయంత్రం నొప్పి సగానికి తగ్గితే కారణం దొరికినట్టే. వాపు లేకపోయినా తగ్గకపోతే సర్జన్‌కి చూపించండి.

లేచే పద్ధతి మార్చడమే అసలు మందు. వీపు కింద రెండు మూడు దిండ్లు పెట్టి 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో పడుకోండి, అప్పుడు లేవాల్సిన దూరమే తగ్గుతుంది. మోకాళ్లు మడిచి, చిన్న దిండును రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని, కాళ్లు మంచం కిందికి జార్చి, ఆ ఊపుతో కూర్చోండి. నిలబడేటప్పుడు పాదాలు వెనక్కి లాక్కుని, ముందుకు వంగి, తొడల బలంతో లేవండి. ఎవరైనా సాయం చేస్తే వీపు వెనక చెయ్యి వేసి లేపాలి. ప్రేమగా చెయ్యి పట్టుకుని లాగితే ఆ కండరాన్నే లాగినట్టు. తొలి రెండు వారాలు 2, 3 కిలోలు మించొద్దు. బరువు పనులు, జిమ్ సాధారణంగా 4 నుంచి 6 వారాల తర్వాతే, అదీ సర్జన్ సరే అన్నాక.

కుడిచేతివాళ్లకి ఎడమ వైపు నొప్పి అయితే? చంటిబిడ్డని ఎడమ చంకనెత్తుకునే అలవాటో, నిద్రలో ఎడమకు ఒరగడమో చూడండి. రెండు పక్కలా దిండ్లు అడ్డం పెడితే ఒరగరు. బ్రా కింది పట్టీ కుట్ల దగ్గర ముడతపడి ఒత్తుతోందేమో కూడా చూడండి.

అలాగని చేతిని కట్టేసినట్టు ఉంచేసినా తప్పే. అప్పుడు నొప్పి రొమ్ములో కాదు, భుజం మీదా మెడ వెనకా వస్తుంది. రోజుకు మూడు నాలుగుసార్లు భుజాలు మెల్లగా వెనక్కి తిప్పండి, ఇంట్లోనే నడవండి.

మాత్రల లెక్క

డోలో 650 ఒకటి, దాంతోపాటు రాసిన నొప్పి మాత్రలో మళ్లీ పారాసెటమాల్. మన దగ్గర ఈ కలిపిన మాత్రలు చాలా ఎక్కువ, స్ట్రిప్ వెనక చదవండి. అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. సర్జన్ రాయకుండా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు, రక్తం చేరే ప్రమాదం పెరుగుతుంది. వేడి కాపడం, నేరుగా ఐస్ రెండూ వద్దు. చర్మం మొద్దుబారి ఉంటుంది కాబట్టి కాలినా తెలియదు.

ఒక వైపే జివ్వుమని కొట్టడం

కరెంటు షాక్‌లా, చీమలు పాకినట్టు, చనుమొన దగ్గర బట్ట తగిలినా చురుక్కుమనడం, ఇవి నరాలు కోలుకుంటున్న గుర్తులు. రెండు వైపులా ఒకేసారి రావాలని లేదు. నెలలు పట్టొచ్చు. మెత్తటి కాటన్ బట్ట వేసుకుని ఓపిక పట్టడమే.

అరుదైనవి

రొమ్ము కింద చర్మంలో తాడులా తగిలి, చెయ్యి ఎత్తితే లాగుతుంటే అది చిన్న సిర గడ్డకట్టడం కావచ్చు, మోండోర్స్ అంటారు. కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది, ఒకసారి చూపించుకుంటే చాలు. నెలల తర్వాత ఒక వైపు గట్టిపడి, ఆకారం మారి, నొప్పి చేస్తే ఇంప్లాంట్ చుట్టూ పొర బిగుసుకుంటోందేమో చూడాలి. మసాజ్ చేస్తే పోతుందని ఎవరో చెప్పారని మొదలుపెట్టకండి, కన్నీటి చుక్క ఆకారపు ఇంప్లాంటయితే లోపల తిరిగిపోవచ్చు. ఏడాది దాటాక ఒక వైపు నీరు చేరి ఉబ్బితే, ముఖ్యంగా గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంటయితే, ఆ నీటిని తప్పక పరీక్షకు పంపించాలి. అరుదైన ఒక లింఫోమాతో, అంటే ఒక రకం క్యాన్సర్‌తో, సంబంధం ఉందని 2019లో అలర్గాన్ కంపెనీ బయోసెల్ అనే తన గరుకు రకం ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మీది ఏ రకమో ఇంప్లాంట్ కార్డు మీద ఉంటుంది. దాన్నీ ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి.